గాడిలో పరుగెత్తే బుల్లికార్లు

మట్టిదారిలో ఏండ్ల తరబడి బండ్లు నడిస్తే చక్రాల క్రింద నేల నలిగి లోతైన గాడి పడుతుంది. చక్రం ఆ గాడిలో దిగిన తరువాత బండివానికి పగ్గాలతో అంతగా పని ఉండదు. బండి ప్రక్కకు పోలేదు. గాడి వెంటనే సాగుతుంది. ఎక్కడ ఎద్దులను అదిలించాలి, ఎక్కడ నిలువరించాలి అన్న విషయం ఒక్కటే అతడు చూచుకోవాలి.

సరిగా ఇటువంటి ఏర్పాటుతోనే నడిచే వినోదం ఒకటి ఉన్నది. బల్ల మీద నల్లని బాట పరచి ఉంటుంది. బాటలో రెండు గాడులు, ఒక్కొక్క గాడికి ఇరుప్రక్కలా సన్నని ఉక్కుపట్టాలు. జానెడు పొడవైనా లేని రెండు కార్లు వాటిపై పరుగెత్తుతూ ఉంటాయి. బాట ప్రక్కన నిలిచిన ఇద్దరు ఆటగాండ్ర చేతులలో రెండు మీటలు. వ్రేలితో మీట నొక్కితే కారు వేగం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. స్టీరింగు లేదు, గేర్లు మార్చడం లేదు. ఈ కార్లను స్లాట్ కార్లు అంటారు. స్లాట్ అంటే గాడి.

ఇది విన్నవారికి ఒక సందేహం రావడం సహజం. దారి ముందుగానే ఏర్పడి ఉన్నప్పుడు ఇందులో నేర్పు ఏమున్నది? బలమైన మోటారు బిగించినవాడే గెలుస్తాడు గదా? కాని పందెంలో జరిగేది దాదాపు దీనికి విరుద్ధం. మోటారు బలానికి హద్దు చెప్పేది మలుపు. ఆ హద్దును ఎరిగి, దాని అంచు దాకా పోయి, దాటకుండా ఉండగలగడమే ఈ వినోదంలోని అసలు విద్య. ఆ హద్దు ఎక్కడ నుండి వస్తున్నదో భౌతికశాస్త్రం చక్కగా చెప్పగలదు.

కొంత చరిత్ర

అమెరికాలో బొమ్మరైళ్ళకు పేరుపొందిన లయొనెల్ సంస్థ 1912 నాటికే పట్టాల నుండి విద్యుత్తు తీసుకొని నడిచే బొమ్మకార్లను అమ్మింది. అవి కొద్ది సంవత్సరాలు మాత్రమే నిలిచాయి. ఈ వినోదం స్థిరపడినది ఇంగ్లండులో. ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అనే ఆయన తన మినీమోడల్స్ సంస్థలో 1952 నుండి స్కేలెక్స్ అనే పేరుతో తాళంచెవి తిప్పితే నడిచే రేకు కార్లను తయారుచేసేవాడు. అటువంటి కారు ఒకసారి వదిలితే దాని ఇష్టమే గాని ఆడేవాని ఇష్టం కాదు. ఆయన ఆ కార్లలో విద్యుత్ మోటారు పెట్టి, వాటికి గాడి ఉన్న రబ్బరు బాటను కల్పించి, 1957లో హారోగేట్ పట్టణంలో జరిగిన బొమ్మల ప్రదర్శనలో స్కేలెక్స్ట్రిక్ అనే పేరుతో ప్రవేశపెట్టాడు. వేగం ఆటగాని చేతిలోకి రావడంతో బొమ్మ కాస్తా పందెంగా మారింది.

1960లో అమెరికాలోని అరోరా సంస్థ ఇంకా చిన్న కార్లను తెచ్చింది. ఆ దశాబ్దంలో అమెరికా పట్టణాలలో రుసుము చెల్లించి ఆడుకొనే పెద్ద పందెపుశాలలు విరివిగా వెలిసి, దశాబ్దం ముగిసేలోగా చాలవరకు మూతపడ్డాయి. అయినా ఇళ్ళలోను, క్లబ్బులలోను ఈ అభిరుచి నేటికీ నిలిచి ఉన్నది. ఇంటి ఆటలో ఎక్కువగా కనిపించేవి నిజమైన కారులో 32వ వంతు ఉండే నమూనాలు. నాలుగున్నర మీటర్ల కారు ఈ లెక్కన సుమారు 14 సెంటీమీటర్లకు దిగుతుంది. 24వ వంతు కార్లు, 64వ వంతు కార్లు కూడ ఉన్నవి.

కారు కడుపులో ఏమున్నది?

కారు ముందుభాగాన అడుగున ఒక చిన్న రెక్క వంటి పలక ఉంటుంది. అది గాడిలోకి దిగి కారుకు దారి చూపుతుంది. దానికి ఇరువైపులా సన్నని రాగితీగలు అల్లిన మెత్తని పట్టీలు రెండు ఉంటాయి. ఇవి పట్టాలను రాచుకుంటూ పోతూ విద్యుత్తును మోటారుకు అందిస్తాయి. సాధారణంగా ఇంటి బాటలో ఏకముఖ విద్యుత్తు 12 వోల్టుల దగ్గర ఉంటుంది. కొన్ని రకాలలో ఇంతకంటె ఎక్కువ.

మోటారులో రెండు శాశ్వత అయస్కాంతాల నడుమ తీగ చుట్టిన ఇనుప దిమ్మ తిరుగుతుంది. ఏ బరువూ లేనప్పుడు ఇటువంటి మోటారు నిమిషానికి 18,000 చుట్లు తిరగడం వింత కాదు. మోటారు ఇరుసుకు 9 పళ్ళ చిన్న చక్రం, వెనుక చక్రాల ఇరుసుకు 27 పళ్ళ పెద్ద చక్రం ఉన్నవనుకొందాం. అప్పుడు కారు చక్రాలు నిమిషానికి 6,000, అంటే సెకండుకు 100 చుట్లు తిరుగుతాయి. చక్రం వ్యాసం 20 మిల్లీమీటర్లయితే ఒక చుట్టుకు సుమారు 63 మిల్లీమీటర్ల దూరం. కావున సెకండుకు 6 మీటర్లకు పైగా వేగం రావాలి. ఘర్షణ వలన అంత రాదు గాని, పొడవైన తిన్నని బాటలో 4 మీటర్లకు తక్కువ కాదనుకోవచ్చు.

మోటారు వేగానికి దానిలోనే ఒక పగ్గం ఉన్నది. తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో తిరుగుతున్నప్పుడు అది డైనమో వలె కూడ పనిచేసి, వచ్చే విద్యుత్తుకు ఎదురుగా వోల్టేజిని పుట్టిస్తుంది. వేగం పెరిగిన కొలది ఈ ఎదురు వోల్టేజి పెరుగుతుంది, మోటారులోకి వచ్చే ప్రవాహం తగ్గుతుంది. కావుననే కదలక నిలిచి ఉన్న కారు ఎక్కువ ప్రవాహాన్ని లాగి, బయలుదేరేటప్పుడు చక్రాలను జారేటట్లు చేస్తుంది. పూర్తి వేగంలో ఉన్న కారు కొద్ది ప్రవాహంతోనే తృప్తి పడుతుంది.

మీటలోని మర్మం

పాతరకపు మీటలో ఒక నిరోధకపు తీగచుట్ట ఉంటుంది. వ్రేలు నొక్కిన కొద్దీ దారిలోని నిరోధం తగ్గి మోటారుకు ఎక్కువ ప్రవాహం పోతుంది. ఓమ్ సూత్రానికి ఇంతకంటె తేలికైన ఉదాహరణ దొరకదు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటలు కొన్ని విద్యుత్తును సెకండుకు అనేక వందలసార్లు ఆపి వదులుతూ, వదిలిన కాలం ఎంత, ఆపిన కాలం ఎంత అన్న నిష్పత్తిని బట్టి వేగాన్ని నడుపుతాయి.

ఇంకొక మర్మం బ్రేకు. కారుకు బ్రేకు మీట లేదని ముందే చెప్పాము. కాని మంచి మీటలలో వ్రేలు పూర్తిగా వదిలినప్పుడు రెండు పట్టాలు ఒకదానితో ఒకటి కలిసిపోయే ఏర్పాటు ఉంటుంది. తిరుగుతున్న మోటారు అప్పుడు డైనమో అవుతుంది. అది పుట్టించిన విద్యుత్తు ఆ మూసిన వలయంలో ప్రవహించి, లెంజ్ నియమం ప్రకారం, తనను పుట్టించిన భ్రమణాన్నే ఎదిరిస్తుంది. కారు తన పరుగుతో తానే ఆగుతుంది. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు ఈ బ్రేకు గట్టిగా, తగ్గినప్పుడు మెల్లగా పడుతుంది.

క్రొత్తగా బాట పరచినవారు తరచు చెప్పే ఫిర్యాదు ఒకటి ఉన్నది: కారు దగ్గర బాగానే పోతున్నది, దూరాన నీరసిస్తున్నది. దోషం కారుది కాదు. ఉక్కుపట్టాలకు కొంత నిరోధం ఉన్నది, బాటముక్కల అతుకుల దగ్గర ఇంకా ఎక్కువ. అందువలన విద్యుత్తు ఇచ్చే చోటు నుండి దూరం పోయిన కొలది వోల్టేజి పడిపోతుంది. అదే సరఫరా నుండి లావైన రాగితీగలు వేసి, బాట అవతలి వైపున కూడ పట్టాలకు కలిపితే కారు మరల కోలుకుంటుంది. 2009 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో, పాత మోటారు పందెపు బాట వెంట, 4.7 కిలోమీటర్లకు పైబడిన స్లాట్ కార్ల బాటను స్వచ్ఛందంగా వచ్చినవారు కలిసి పరిచారు. అంత పొడవైన బాటకు ఒక్క చివర నుండి విద్యుత్తు ఇస్తే ఏమవుతుందో పాఠకులే ఊహించగలరు.

మలుపు దగ్గర లెక్క

వడిసెలలో రాయి గుండ్రంగా తిరగాలంటే త్రాడు దానిని లోపలికి లాగుతూ ఉండాలి. త్రాడు వదిలితే రాయి తిన్నగా పోతుంది. మలుపు తిరిగే కారుకు కూడ ఇటువంటి లోపలి లాగుడు కావాలి. దీనినే అభికేంద్ర బలం అంటారు. ముందుభాగాన్ని గాడి పట్టి ఉంచుతుంది. వెనుకభాగాన్ని పట్టి ఉంచేది రబ్బరు టైరుకు, బాటకు మధ్య గల ఘర్షణ మాత్రమే.

కావలసిన అభికేంద్ర బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెండింతలయితే బలం నాలుగింతలు కావాలి. ఘర్షణ ఇవ్వగల బలానికి మాత్రం హద్దు ఉన్నది. అది కారు బరువును ఘర్షణ గుణకంతో గుణించిన దానికి మించదు. ఈ రెండింటిని సమానం చేస్తే, మలుపులో పోగల గరిష్ఠ వేగం వర్గం, ఘర్షణ గుణకం, గురుత్వ త్వరణం, మలుపు వ్యాసార్ధం ఈ మూడింటి లబ్ధానికి సమానమని వస్తుంది. ద్రవ్యరాశి రెండు వైపులా ఉండి కొట్టివేయబడుతుంది.

ఘర్షణ గుణకం 0.8, మలుపు వ్యాసార్ధం 30 సెంటీమీటర్లు అనుకొందాం. లెక్క వేస్తే గరిష్ఠ వేగం సెకండుకు సుమారు 1.5 మీటర్లు. తిన్నని బాటలో 4 మీటర్ల వేగంతో వచ్చిన కారు ఇక్కడ 1.5కు దిగాలి. దానికి ఇంకా బలమైన మోటారు పెట్టి 6 మీటర్ల వేగం తెచ్చినా, మలుపులో హద్దు మాత్రం ఆ 1.5 మీటర్లే. పైగా ఎక్కువ వేగం నుండి దిగాలి గనుక ఇంకా ముందుగా మీట వదలవలసి వస్తుంది. బాటలో మలుపులు ఎన్ని ఉంటే బలమైన మోటారు అంత నిరుపయోగం. హద్దు దాటితే వెనుకభాగం బయటికి విసరబడుతుంది, ముందు పలక గాడి నుండి లేచిపోతుంది, కారు బల్ల క్రింద పడుతుంది. ఎవరో దానిని తెచ్చి మరల గాడిలో పెట్టేలోగా, ప్రతి చుట్టుకూ కూడబెట్టిన సెకండు భాగాలన్నీ ఖర్చయిపోతాయి.

చిన్నకారు పెద్దకారుకు నకలు కాదు

ఈ ఆటలో స్కేలు వేగం అనే మాట తరచు వినిపిస్తుంది. కారు 32వ వంతు గనుక దాని వేగాన్ని 32తో గుణించాలని దీని భావం. మలుపులో 1.5 మీటర్ల వేగం ఈ లెక్కన గంటకు 170 కిలోమీటర్లు దాటుతుంది. అదే మలుపును 32 రెట్లు పెంచితే వ్యాసార్ధం 9.6 మీటర్లు అవుతుంది. అంతే పట్టు గల నిజమైన కారు ఆ మలుపులో గంటకు 31 కిలోమీటర్లకు మించి పోలేదు!

ఈ వింతకు కారణం ఏమి? మనం కారు పొడవును, వెడల్పును, మలుపును 32వ వంతుకు తగ్గించాము. కాని భూమి ఆకర్షణను తగ్గించలేదు. అది పెద్దకారుకూ, చిన్నకారుకూ ఒక్కటే. కావున మలుపు వేగం 32 రెట్లు తగ్గక, 32కు వర్గమూలమైన 5.66 రెట్లు మాత్రమే తగ్గుతుంది. దూరాలు 32 రెట్లు కుదించుకుపోయి, వేగం 5.66 రెట్లే తగ్గితే, కాలం కూడ 5.66 రెట్లు కుదించుకుపోవాలి. అంటే పెద్దకారు ఒక సెకండులో తోక జారి తిరిగి సర్దుకొంటే, చిన్నకారులో అదే సంఘటన సెకండులో ఆరవవంతు కంటె కొద్దిగా ఎక్కువ కాలంలో ముగిసిపోతుంది.

ఇక్కడ కుదించడానికి వీలులేనిది ఇంకొకటి ఉన్నది. అది ఆటగాడు. కన్ను చూచి, మెదడు గ్రహించి, వ్రేలు కదలడానికి సుమారు సెకండులో అయిదవ వంతు పడుతుంది. అంటే తోక జారడం చూచిన తరువాత వ్రేలు కదిలేసరికి కారు బల్ల క్రింద ఉంటుంది. 4 మీటర్ల వేగంలో ఆ కొద్ది కాలానికే కారు 80 సెంటీమీటర్లు పోతుంది. వెనుక చక్రాల బ్రేకుతో సెకండుకు సెకండుకు 4 మీటర్ల చొప్పున వేగం తగ్గుతుందనుకొంటే, 4 నుండి 1.5కు దిగడానికి ఇంకొక 170 సెంటీమీటర్లు కావాలి. మొత్తం రెండున్నర మీటర్లు; కారు పొడవుకు సుమారు 18 రెట్లు. కావున నేర్పరి కారును చూచి మీట వదలడు. బాట పక్కన ఒక గుర్తు పెట్టుకొని, చుట్టు చుట్టుకూ అదే చోట వదులుతాడు. దీనికి చురుకుదనం కంటె నిలకడ ముఖ్యం.

కారును తీర్చిదిద్దుట

కొన్న కారును కొన్నట్లే నడపడంతో అభిరుచిగలవారు తృప్తిపడరు. దానిని విప్పి, సరిచేసి, మార్చి, మరల కొలుస్తారు. ఈ వినోదంలో సగం కాలం దీనికే పోతుంది.

మొదటిది టైరు. అచ్చులో పోసిన రబ్బరు టైరు చూపుకు గుండ్రంగా ఉన్నా, సెకండుకు వంద చుట్లు తిరిగేటప్పుడు దానిలోని వెంట్రుకవాసి ఎత్తుపల్లం కారును గంతులు వేయిస్తుంది. బాటను విడిచి గాలిలో ఉన్న టైరుకు ఘర్షణ ఉండదు. అందుకని చక్రాలను తిప్పుతూ గరుకు కాగితానికి మెల్లగా ఆనించి అరగదీస్తారు. తరువాత దుమ్ము తుడుస్తారు. బాటమీద సన్నని దుమ్ము ఉంటే ఎంత మంచి రబ్బరైనా జారుతుంది.

రెండవది బరువు. కారు అడుగున చిన్న సీసపు ముక్కలను అతికించడం పాత పద్ధతి. ద్రవ్యరాశి కొట్టివేయబడుతుందని పైన చెప్పాము గదా, మరి సీసం ఎందుకు? అది పట్టు పెంచడానికి కాదు, గరిమనాభిని క్రిందికి దించడానికి. గరిమనాభి ఎత్తుగా ఉన్న కారు జారకముందే బోల్తా పడుతుంది. రెండు చక్రాల నడుమ వెడల్పులో సగం 28 మిల్లీమీటర్లు, ఘర్షణ గుణకం 0.8 అయితే, గరిమనాభి బాట నుండి 35 మిల్లీమీటర్లకు తక్కువలో ఉన్నంతవరకు కారు జారుతుందే గాని దొర్లదు. జారే కారును నేర్పుతో నిలుపుకోవచ్చు. దొర్లే కారును నిలుపుకోలేము. ముందు పలకకు వెనుకగా కొద్ది సీసం ఉంచితే అది గాడి నుండి లేవకుండా కూడ ఉంటుంది. అయితే అధికమైన సీసం కారును మందకొడిగా చేస్తుంది. వైద్యంలో వలెనే ఇక్కడ కూడ మోతాదు ముఖ్యం. సీసం విషపదార్థం గనుక ముట్టిన తరువాత చేతులు కడుగుకొనడం మరువరాదు.

మూడవది మరమేకులు. పై తొడుగును చట్రానికి బిగించే మరలను అర చుట్టు వదులు చేస్తే కారు మెరుగుగా పోతుంది. క్రొత్తవారికి ఇది తప్పుగా తోస్తుంది. కాని చట్రం అదిరినప్పుడు ఆ అదురు పై తొడుగుకు పూర్తిగా చేరకుండా, టైర్లు బాటను వీడకుండా ఆ కొద్ది వదులు కాపాడుతుంది.

అయస్కాంతం తెచ్చిన తగవు

ద్రవ్యరాశి పెరగకుండా బరువు మాత్రం పెరిగితే ఎలా ఉంటుంది? ఇది అసాధ్యం వలె తోచినా, ఉక్కుపట్టాల వలన సాధ్యమైనది. కారు అడుగున అయస్కాంతం అమర్చితే అది పట్టాలను ఆకర్షించి కారును క్రిందికి నొక్కుతుంది. అరోరా సంస్థ 1970 తరువాతి దశాబ్దంలో దీనిని తన చిన్నకార్లలో ప్రవేశపెట్టింది. 1980 తరువాత వచ్చిన నియోడిమియం అయస్కాంతాలు బటాణీగింజంత పరిమాణంలోనే మిక్కిలి బలమైనవి.

80 గ్రాముల కారును అయస్కాంతం ఇంకొక 160 గ్రాముల బరువుతో సమానంగా నొక్కిందనుకొందాం. టైర్ల మీద నొక్కుడు మూడింతలయింది. ద్రవ్యరాశి మాత్రం దాదాపు మారలేదు. మలుపు వేగం మూడుకు వర్గమూలం, అంటే 1.73 రెట్లు పెరుగుతుంది. మన 1.5 మీటర్లు 2.6 అవుతాయి. అదే 160 గ్రాములు సీసం రూపంలో పెడితే మలుపు వేగం ఏమాత్రం పెరగదు, బయలుదేరడం మాత్రం ఆలస్యమవుతుంది.

ఇంత మేలు చేసిన అయస్కాంతాన్ని అనేక క్లబ్బులవారు పందెానికి ముందు పీకి ప్రక్కన పెట్టమంటారు. కారణం విచారించదగినది. అయస్కాంతపు లాగుడు ఎడం పెరిగిన కొలది చాల త్వరగా క్షీణిస్తుంది. అది ఉన్న కారు తోక జారదు. జారి, హెచ్చరించి, సర్దుకొనే అవకాశం ఇవ్వదు. హద్దు వచ్చేదాకా అంటుకొని పోయి, హద్దు దాటగానే, వెనుకభాగం రెండు మిల్లీమీటర్లు లేచిందంటే, పట్టు ఒక్కసారిగా తెగి ఎగిరిపోతుంది. అంతకంటె ముఖ్యమైన సంగతి, బలమైన అయస్కాంతం ఉంటే చిన్న బాటలో మీట వదలవలసిన అవసరమే రాదు. చుట్టంతా వ్రేలు నొక్కి ఉంచితే సరిపోతుంది. వేగం పెరిగింది, ఆడవలసినవానికి పని పోయింది. పిల్లలకు కారు మాటిమాటికి పడిపోకుండా ఉండడానికి అయస్కాంతం మంచిదే. నేర్చుకొనదలచినవారు మాత్రం దానిని తీసివేసి, మెల్లగా నడిచే కారుతో మొదలుపెట్టడం మేలు. చెక్కలో గాడి తొలిచి, రాగిపట్టీ అతికించిన క్లబ్బు బాటలలో ఈ తగవే ఉండదు. రాగి అయస్కాంతానికి అంటుకొనదు గదా.

2004 నుండి స్కేలెక్స్ట్రిక్‌లో సంకేతాలతో నడిచే విధానం కూడ వచ్చింది. దీనిలో పట్టాలలో విద్యుత్తు ఎల్లప్పుడు ఉంటుంది. దానితోపాటు వచ్చే సంకేతాలలో తనకు చెందినదానిని ప్రతి కారులోని ఎలక్ట్రానిక్ చిప్పు గుర్తించి అనుసరిస్తుంది. కావున ఒకే గాడిలో అనేక కార్లు పోవచ్చు, ఒక గాడి నుండి ఇంకొక గాడికి మారవచ్చు. అయినా మలుపు దగ్గర లెక్క మారలేదు.

ఇంట్లో చేసి చూడదగిన ప్రయోగం

స్లాట్ కార్లు దొరకనివారు కూడ ఇందులోని ముఖ్యసూత్రం ఒకటి చేతితో తెలుసుకోవచ్చు. పాడైన ఆటబొమ్మ నుండి పళ్ళచక్రాలతో సహా చిన్న మోటారు తీసుకోండి. దానికి బ్యాటరీ కలపకుండా ఇరుసును వ్రేళ్ళతో త్రిప్పండి, తేలికగా తిరుగుతుంది. ఇప్పుడు మోటారు రెండు తీగలను ఒకదానితో ఒకటి కలిపి మరల త్రిప్పండి. ఎవరో లోపల పట్టుకొన్నట్లు బిగుతుగా తోస్తుంది. తీగలను విడదీయగానే ఆ బిగుతు పోతుంది. స్లాట్ కారును మలుపు ముందు నిలువరించే బ్రేకు ఇదే. ఈ ప్రయోగానికి ఏ విద్యుత్ సరఫరా అక్కరలేదు. ఇంటి విద్యుత్తుకు దీనిని ఎన్నడూ కలపరాదు.

తరగతిలో అభికేంద్ర బలాన్ని గురించి చెప్పినప్పుడు విద్యార్థి సూత్రాన్ని వ్రాసుకొంటాడు, పరీక్షలో ఒప్పజెపుతాడు. మూడు చుట్లు బాగా పోయిన కారు నాలుగవ చుట్టులో ఎందుకు పడిపోయిందో తెలుసుకోవలసి వచ్చినప్పుడు అదే సూత్రం అతనికి అవసరమవుతుంది. టైరులో దుమ్మా, రాగిపట్టీ అరిగిందా, లేక వ్రేలు ఒక జానెడు ఆలస్యంగా లేచిందా అని అతడు ఒక్కొక్కటే మార్చి పరీక్షిస్తాడు. ఒకేసారి రెండు మార్చినవానికి కారణం దొరకదు. ఈ ఒక్క సంగతి అలవాటయితే, బొమ్మకారు మీద పెట్టిన కాలం వృథా పోలేదని చెప్పవచ్చును.